పింగాణీ గిన్నె మీద గబ్బిలం

పింగాణీ అన్న మాట మనందరి ఇళ్ళలోనూ ఉన్నదే. చుట్టాలు వచ్చినప్పుడు అలమారలోంచి తీసే కప్పులూ సాసర్లూ పింగాణీ. అటక మీది ఆవకాయ జాడీ పింగాణీ. అయితే ఈ మాట పుట్టుకకు తెలుగుదీ కాదు, చైనాదీ కాదు. పారసీకంలో గిన్నెకు పింగాన్ అని పేరు. అరబ్బులు దాన్నే ఫింజాన్ అన్నారు. వస్తువు చైనా నుంచి వస్తే పేరు పడమటి వర్తకుల నోట వచ్చిందన్న మాట. ఇంగ్లీషువారి పోర్సిలేన్ అన్న మాట ఇంకా దూరం తిరిగి వచ్చింది. ఇటలీ భాషలో పోర్చెల్లానా అంటే గవ్వ. గవ్వ వీపులాగా నున్నగా, తెల్లగా మెరిసే ఈ సామానుకు ఆ పేరే స్థిరపడింది. యూరపు వారికి ఈ గిన్నెల సంగతి చెప్పిన తొలివారిలో మార్కో పోలో ఒకడు. అదే మార్కో పోలో మన మోటుపల్లి రేవును గురించీ రాశాడు. కాబట్టి చైనా గిన్నెలకూ తెలుగుదేశానికీ ఉన్న బాంధవ్యం ఈనాటిది కాదు.

మేము వృత్తికి వైద్యులం. చరిత్ర మాకు తీరిక వేళల వ్యాపకం. చాండ్లర్‌లో శనివారం ఉదయాలు గరాజ్ సేళ్ళకూ, ఎస్టేట్ సేళ్ళకూ తిరిగే మిత్రులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వారు కొని తెచ్చిన చైనా గిన్నెలు చూపించి, "ఇది పాతదేనా? ఈ బొమ్మలకు అర్థం ఏమైనా ఉందా? ఇందులో పిల్లలకు అన్నం పెట్టవచ్చునా?" అని అడుగుతుంటారు. మొదటి ప్రశ్న వర్తకులది, రెండోది చరిత్రకారులది, మూడోది మా వృత్తికి సంబంధించినది. మూడింటికీ మాకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎముకా మాంసమూ

కుమ్మరి సారె లేని దేశం లేదు గాని, పింగాణీ చేయడం చాలాకాలం చైనావారికే తెలుసు. దానికి రెండు ముడిపదార్థాలు కావాలి. ఒకటి కేవొలిన్ అనే తెల్లమట్టి. గావొలింగ్, అనగా ఎత్తైన గుట్ట, అనే ఊరి పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. రెండోది పెతున్సే అనే తెల్లరాతి పొడి. కేవొలిన్ ఎముక వంటిది, పెతున్సే మాంసం వంటిది అని అక్కడి పనివారు చెప్పుకునేవారట. మా వంటి వైద్యులకు ఈ పోలిక చప్పున అర్థమౌతుంది. ఎముక గిన్నెను నిలబెడుతుంది, మాంసం కరిగి సందులన్నీ పూడుస్తుంది. ఈ రెండూ కలిపి ఇంచుమించు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలిస్తే గాజులాగా గట్టిపడి, వేలితో మీటితే గంటలా మోగే గిన్నె వస్తుంది. మన కుమ్మరి ఆవంలో అంత వేడి పుట్టదు.

ఈ పనికి రాజధాని జింగ్‌డెజెన్ పట్టణం. 1004లో సుంగ్ వంశపు చక్రవర్తి తన పరిపాలనా శకం పేరు ఆ ఊరికి పెట్టాడు. ఆనాటి నుంచి రాజాస్థానాలకూ, విదేశాలకూ అక్కడి నుంచే గిన్నెలు వెళ్ళాయి. 1712లోనూ 1722లోనూ దాంత్రకోల్ అనే ఫ్రెంచి మతగురువు అక్కడి బట్టీలను స్వయంగా చూసి స్వదేశానికి పొడుగాటి ఉత్తరాలు రాశాడు. ఒక్క గిన్నె తయారయ్యేలోగా 70 మంది చేతులు మారుతుందని అందులో ఉంది. గీత గీసేవాడు ఒకడు, రంగు నింపేవాడు ఒకడు, పువ్వులు వేసేవాడు ఒకడు, కొండలు వేసేవాడు మరొకడు. అప్పటికి యూరపులో జర్మనీలోని మైసెన్ వారు మాత్రం ఈ రహస్యం కనుక్కుని 1710లో కార్ఖానా పెట్టారు.

మనకందరికీ పరిచయమైన నీలి తెలుపు గిన్నెల్లోని నీలం కూడా మొదట చైనాది కాదు. 14వ శతాబ్దంలో కోబాల్టు ఖనిజం ఇరాన్ వైపు నుంచి వచ్చేది. గిన్నె మీద బొమ్మ వేసి, పైన గాజు పూత పూసి కాలిస్తే బొమ్మ పూత అడుగున భద్రంగా ఉండిపోతుంది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక జత నీలి తెలుపు కూజాల మీద 1351కి సరిపోయే తేదీ రాసి ఉంది. అప్పటికే ఆ పనితనం పరిపక్వానికి వచ్చిందని వాటిని చూస్తే తెలుస్తుంది. ఈ సంగతి తరవాత మళ్ళీ అవసరపడుతుంది గనక చదువరులు గుర్తుంచుకోవాలి: పూత అడుగున వేసిన రంగు వేరు, పూత పైన వేసిన రంగు వేరు.

మోటుపల్లి రేవు

మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు రాజులు, తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ లాక్కునేవారనీ, తాము మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకులను కనికరించి, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వదిలిపెడుతున్నామనీ ఆ శాసనం సారాంశం. సుంకం ముప్పైకి ఒక వంతు. ఓడ మునిగినవాణ్ణి దోచుకోవడం హక్కుగా చెలామణీ అయిన కాలంలో ఒక రాజు ఈ మాట రాతి మీద చెక్కించి పరదేశులకు ధైర్యం చెప్పడం సామాన్యమైన విషయం కాదు. పరదేశంలో బతుకుతున్న మనకు దాని విలువ ఇంకా బాగా తెలియాలి.

ఆ ధైర్యంతో వచ్చిన ఓడల్లో తూర్పు సముద్రం నుంచి వచ్చినవీ ఉన్నాయి. మోటుపల్లిలోనూ, నెల్లూరు వైపు తీరంలోని కొత్తపట్నంలోనూ చైనా పింగాణీ పెంకులు దొరికాయి. అందులో లేత ఆకుపచ్చ పూత పూసిన సెలడాన్ రకం ఒకటి. జపాను చరిత్రకారుడు నొబొరు కరషిమా బృందం దక్షిణ భారత తీరం, సింహళం వెంబడి ఇలాంటి పెంకులు వెతికి, వివరాలను 2004లో గ్రంథంగా వెలువరించింది. అవతలి ఒడ్డున చైనాలోని ఛ్వాన్‌జౌ రేవులో 1281 నాటి తమిళ శాసనం ఉంది. అక్కడ దక్షిణాది వర్తకులు శివాలయం కూడా కట్టుకున్నారు. అనగా వాళ్ళు మనవైపు వచ్చినట్టే మనవైపు వాళ్ళు అటు వెళ్ళి, కాపురం పెట్టి, గుడి కట్టుకున్నారు. ఊరుగాని ఊళ్ళో గుడి కట్టుకోవడం మన తరంతో మొదలైంది కాదన్న మాట.

మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందనీ, అక్కడి నూలుబట్ట సాలెగూడు అంత సన్నంగా ఉంటుందనీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. ఓడలు వచ్చేటప్పుడు గిన్నెలు తెచ్చి, పోయేటప్పుడు బట్ట తీసుకుపోయి ఉంటాయనుకోవడం సహజం. పింగాణీ బరువుగా ఉంటుంది, తడిస్తే చెడదు గనక ఓడ అడుగున పేర్చడానికి అనువైన సరుకు.

తరవాతి కాలంలో మచిలీపట్నం పెద్ద రేవైంది. డచ్చివారు 1606లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ అక్కడ గిడ్డంగులు పెట్టారు. గోలకొండ నవాబుల కాలంలో కలంకారీ బట్టలు అక్కడి నుంచి ప్రపంచమంతా వెళ్ళాయి. మొగలాయి, దక్కను భవనాల గోడల్లో చిన్న చిన్న గూళ్ళు వరసగా కట్టించి వాటిలో పింగాణీ అలంకరించేవారు. ఆ ఏర్పాటుకు చీనీఖానా అని పేరు. ఆ అభిరుచికి చివరి పెద్ద వారసుడు మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసఫ్ అలీఖాన్. 1889లో పుట్టి 1949లో చనిపోయేదాకా ఆయన వస్తువులు సేకరిస్తూనే ఉన్నాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడీలో ఆ సంగ్రహాలయం ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. హైదరాబాదులో చదువుకున్న మనలో చాలామంది చిన్నప్పుడు గంట కొట్టే గడియారం దగ్గర నిలబడి, ముసుగు వేసుకున్న రెబెక్కా విగ్రహం చూసి ఇంటికి వచ్చినవాళ్ళమే. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు చైనా విభాగంలో ఒక గంట గడపవలసిందని మా మనవి.

బొమ్మల్లో శ్లేష

ఇక బొమ్మల సంగతి. మా పెద్దమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు మా భోజనాల బల్ల మీది గిన్నె చూసి, "ఇవేం పాడు బొమ్మలర్రా! గబ్బిలాలున్న గిన్నె ఇంట్లో పెట్టుకుంటారా?" అంది. ఆవిడ మాటలో తప్పు లేదు. మనకు గబ్బిలం పాడుపడ్డ ఇంటికి గుర్తు. మహాకవి జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించినప్పుడు ఆ ప్రాణిని ఎంచుకున్నది అందుకే. అందరూ వెలివేసిన మనిషికి అందరూ వెలివేసిన ప్రాణే దూత అయింది. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అలాంటి గబ్బిలాన్ని చైనావారు చక్రవర్తి గిన్నెల మీద ఎందుకు వేయించారు?

కారణం చాలా సులువు. చైనా భాషలో గబ్బిలాన్ని చెప్పే మాటలో ఫు అన్న ధ్వని ఉంది. అదృష్టాన్నీ ఫు అనే అంటారు. రాసే అక్షరాలు వేరు, పలికే ధ్వని ఒకటే. కనుక గబ్బిలం బొమ్మ వేస్తే శుభమని రాసినట్టే. అయిదు గబ్బిలాలు వేస్తే పంచ భాగ్యాలు: దీర్ఘాయుష్షు, సంపద, ఆరోగ్యం, ధర్మం మీద ప్రీతి, నిండు జీవితం గడిపి ప్రశాంతంగా కన్నుమూయడం. ఈ అయిదింటి జాబితా వారి ప్రాచీన గ్రంథమైన షూజింగ్‌లోనిది. ఆఖరిది చూడండి. అనాయాస మరణం కోరుకోవడం మన పెద్దలకూ ఉన్నదే. రోగుల పక్కన నిలబడే వృత్తిలో ఉన్నవాళ్ళం గనక దాన్ని సంపదతో సమానంగా లెక్కలో వేసిన జాతి మీద మాకు గౌరవం కలుగుతుంది. ఎర్ర గబ్బిలం అంటే అపారమైన అదృష్టం. తలకిందులుగా ఉన్న గబ్బిలం అంటే అదృష్టం వచ్చి వాలింది అని. ఇవీ ధ్వనిలోని శ్లేషలే.

మనకు శ్లేష కొత్త కాదు. వారు మింగ్ వంశపు గిన్నెలకు రంగులు వేస్తున్న 16వ శతాబ్దంలోనే మన పింగళి సూరన ఒకే పద్యాలలో రామాయణ భారతాలు రెండూ చెబుతూ రాఘవపాండవీయం రాశాడు. మనం పద్యంలో చేసిన పని వారు గిన్నె మీద చేశారు. చేపను యూ అంటారు, మిగులును యూ అంటారు. కాబట్టి చేప బొమ్మకు ఇంట్లో తిన్నాక ఇంకా మిగలాలని అర్థం. తామరను లియెన్ అంటారు, ఎడతెగకుండా సాగడాన్నీ లియెన్ అంటారు. తామరా చేపా కలిపి వేస్తే ఏటేటా సమృద్ధి. జింకను లూ అంటారు, ఉద్యోగపు జీతాన్నీ లూ అంటారు. మన తల్లిదండ్రులు కూడా ఈ జింక బొమ్మే కోరుకుని మనల్ని ఇంత చదువు చదివించారేమో! పూలకూజాను పింగ్ అంటారు, శాంతినీ పింగ్ అంటారు.

శ్లేషతో పని లేకుండా చూడగానే అర్థమయ్యేవీ ఉన్నాయి. పగిలిన దానిమ్మ పండు నిండా గింజలు గనక బహు సంతానం. పీచు పండు దీర్ఘాయుష్షు. తామరకొలనులో బాతుల జంట అన్యోన్య దాంపత్యం. మన వైపు చక్రవాకాలను చెప్పుకున్నట్టు. చలికాలంలో వాడని దేవదారు, వెదురు, మంచులో పూసే ప్లమ్ పువ్వు మూడూ కలిస్తే కష్టకాలపు మిత్రత్రయం. డ్రాగన్ కాలికి అయిదు గోళ్ళుంటే చక్రవర్తికీ, నాలుగుంటే ఆ కిందివారికీ అని నియమం. దీన్ని అన్ని కాలాల్లోనూ కచ్చితంగా పాటించలేదు గనక గోళ్ళు లెక్కపెట్టి చక్రవర్తి గిన్నె దొరికిందని సంబరపడకూడదు.

అన్నిటికన్న మనకు దగ్గరైనవి అష్టమంగళాలు. చక్రం, శంఖం, ఛత్రం, ధ్వజం, పద్మం, పూర్ణకుంభం, చేపల జంట, శ్రీవత్సం. బౌద్ధంతో పాటు ఇవి మన దేశం నుంచి చైనాకు వెళ్ళాయి. అమరావతి స్తూపం మీద పూర్ణఘటం చూసినవారెవరైనా ఆ గిన్నె మీది కలశాన్ని చూసి పాత చుట్టాన్ని చూసినట్టు పలకరిస్తారు. 15, 16 శతాబ్దాల మింగ్ గిన్నెలు కొన్నింటి మీద పూల బదులు సంస్కృత బీజాక్షరాలు రంజన లిపిలో వరసగా తీర్చి ఉంటాయి. జింగ్‌డెజెన్‌లో ఆ అక్షరాలు వేసిన పనివాడికి వాటిని చదవడం వచ్చో రాదో గాని, పవిత్రమైనవని మాత్రం తెలుసు.

విషం పట్టిచ్చే గిన్నె

రాజులు సెలడాన్ పళ్ళేలను ఇష్టపడడానికి అందం ఒక్కటే కారణం కాదు. అందులో విషం కలిసిన అన్నం పెడితే పళ్ళెం రంగు మారుతుందనీ, పగిలిపోతుందనీ గట్టి నమ్మకం ఉండేది. వీటిని మన దేశంలో గోరీ పళ్ళేలనేవారు. ఆగ్రాలో తాజ్‌మహల్ ప్రాంగణంలోని మ్యూజియంలో ఇప్పటికీ అలాంటి పళ్ళెం ఉంది. అన్నదమ్ములనూ వంటవాణ్ణీ నమ్మలేని ఇంట్లో ఆకుపచ్చ పళ్ళెం మీద నమ్మకం పెట్టుకున్నారు పాపం. వైద్యశాస్త్రం ప్రకారం ఆ శక్తి ఏ మట్టికీ లేదు.

విచిత్రమేమంటే విషం పట్టివ్వవలసిన గిన్నె తానే విషం ఇవ్వగలదు. పూత అడుగున నీలంతో వేసి పెద్దవేడిలో కాల్చిన గిన్నెలతో సాధారణంగా భయం లేదు. పూత పైన గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులతో వేసి, తక్కువ వేడిలో రెండోసారి కాల్చిన గిన్నెల సంగతి వేరు. ఆ రంగులు కరగడానికి వాటిలో సీసం కలుపుతారు. 18వ శతాబ్దంలో వచ్చిన గులాబీ రంగు గిన్నెల్లోని పాలలాంటి తెలుపు రంగులో సీసంతో పాటు పాషాణం, అనగా ఆర్సెనిక్, కూడా ఉంటుంది. పులుపు తగిలితే సీసం కొంచెం కొంచెంగా ఆహారంలోకి దిగుతుంది. మన వంట చూస్తే చింతపండు, నిమ్మకాయ, పెరుగు, టమాటా లేని పూట లేదు గదా.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మన అమ్మమ్మలకు తెలుసు. పులుసుకు రాచ్చిప్ప, ఊరగాయకు జాడీ అని విడివిడిగా పెట్టారు. అదే జాగ్రత్త ఇక్కడా కావాలి. పాత రంగుల గిన్నెలు అలమారలో ఉండవలసినవి. వాటిలో చారు, పచ్చడి, పెరుగు పెట్టకండి, మైక్రోవేవ్‌లో అసలే పెట్టకండి. పసిపిల్లల మెదడుకు సీసం చేసే హాని తిరిగి బాగుపడేది కాదు, ఇంతవరకు పరవాలేదనే పరిమాణం అంటూ ఏదీ లేదు. పిల్లల రక్తంలో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే శ్రద్ధ తీసుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో నిర్ణయించింది. ఇంట్లో చేసుకునే రంగు మార్పు పరీక్షలను పూర్తిగా నమ్మడానికి లేదు. అనుమానం ఉంటే పిల్లల డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించడం మంచిది.

ఆరిజోనా మట్టిలో

మ్యూజియంల దాకా వెళ్ళకుండా మన కాళ్ళ కింది సంగతి చూద్దాం. చాండ్లర్ చుట్టుపక్కల మట్టిలో దొరికేవి ముందుగా హోహోకమ్ ప్రజల కుండ పెంకులు. లేత మట్టిరంగు మీద ఎర్రటి గీతలతో పక్షులూ, సుడులూ ఉంటాయి. ఎడారిలో వందల మైళ్ళ కాలువలు తవ్వి పంటలు పండించిన ఆ ప్రజల జనావాసాలు 1450 ప్రాంతాల్లో ఖాళీ అయ్యాయి. మన పొరుగున గిలా నది ఒడ్డున ఉన్న ఓఓధమ్ వారు తాము వారి సంతతి అని చెప్పుకుంటారు. తరవాత ఎన్నో ఏళ్ళకు, 1887లో ఈ ప్రాంతానికి పశువైద్యుడుగా వచ్చిన అలెగ్జాండర్ చాండ్లర్ 1912లో ఊరు వేశాడు. వైద్యుడు వేసిన ఊళ్ళో ఉంటున్నందుకు మాకు కాస్త గర్వమే.

ఆ మధ్యకాలంలో వచ్చినవారు చైనావారు. 1880 మార్చిలో సదరన్ పసిఫిక్ రైలుమార్గం టూసాన్ చేరింది. ఎడారి ఎండలో ఆ పట్టాలు వేసినవారిలో ఎక్కువమంది దక్షిణ చైనా నుంచి వచ్చిన కూలీలు. పని అయ్యాక కొందరు టూసాన్, ఫీనిక్స్ ఊళ్ళలో నిలిచిపోయి కూరగాయల తోటలు, చాకిరేవులు, కిరాణా కొట్లు పెట్టుకున్నారు. టూసాన్‌లో పాత పేటలు కూలగొట్టినప్పుడు వారి ఇళ్ళ అడుగున దొరికిన వస్తువులను గురించి ఫ్లోరెన్స్ లిస్టర్, రాబర్ట్ లిస్టర్ దంపతులు 1989లో పుస్తకం వేశారు. ఫీనిక్స్‌లో 1992లో తెరిచిన బాస్కెట్‌బాల్ ఎరీనా కట్టకముందు ఆ స్థలంలో ఉన్న చైనాటౌన్‌నూ తవ్వి చూశారు.

పడమటి రాష్ట్రాల్లో ఇలాంటి తవ్వకాల్లో పదే పదే కనబడే అన్నం గిన్నెలు నాలుగు రకాలు. ముతక బూడిదరంగు మీద నీలంతో వెదురు గీసినది ఒకటి. దంపతుల సుఖాన్ని కోరే జంట ఆనందపు అక్షరం ఉన్నది ఒకటి. లేత ఆకుపచ్చ సెలడాన్ పూతది ఒకటి. ప్లమ్, పియోనీ, తామర, చేమంతి అనే నాలుగు ఋతువుల పువ్వులు రంగుల్లో వేసినది ఒకటి. ఇవి రాజుల గిన్నెలు కావు. దక్షిణ చైనా బట్టీల్లో వేలకొద్దీ చేసి, కొద్ది సెంట్లకు అమ్మిన సరుకు. అయినా బొమ్మల్లో కోరికలు అవే.

ఆ కోరికలను ఆ కాలంతో కలిపి చదివితే మనసు కలుక్కుమంటుంది. 1882లో అమెరికా ప్రభుత్వం చైనా కూలీల రాకను నిషేధించింది. ఇక్కడున్నవారికి పౌరసత్వం లేదు, భార్యలను తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. జంట ఆనందం అని రాసి ఉన్న గిన్నెలో ఒంటరిగా అన్నం తిన్న మగవాళ్ళు ఎందరో. ఆ చట్టం 1943 దాకా రద్దు కాలేదు. అప్పుడైనా ఏడాదికి 105 మందికే అవకాశం. మన కథా దీనికి దూరం కాదు. 1917లో మన దేశం వారి రాకనూ ఆపారు. 1923లో సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో ఏడాదికి 100 మందికి తలుపు తెరిచారు. 1965 చట్టం వచ్చాకే డాక్టర్లూ ఇంజనీర్లూ కుటుంబాలతో రాగలిగారు. మన తరం విమానం దిగిన నేల మీద, ముందు మరొకరు చెమటోడ్చి పట్టాలు వేసి ఉన్నారు. వారిలో కొందరి కష్టం ఫలించింది కూడా. ఫీనిక్స్‌లో కిరాణా కొట్టు నడిపిన వింగ్ ఆంగ్ 1946లో ఆరిజోనా శాసనసభకు ఎన్నికయ్యాడు.

కొనేవారికి నాలుగు మాటలు

గిన్నె అడుగున చైనా అక్షరాలుంటే తొందరపడి నమ్మకండి. రాజవంశం పేరు, చక్రవర్తి శకం పేరు కలిపి ఆరు అక్షరాలు రాయడం ఆచారం. కాని పాత చక్రవర్తుల ముద్రలను తరవాతివారు గౌరవంతో వేశారు, మోసానికీ వేశారు. ఇంగ్లీషులో దేశం పేరు అచ్చువేసి ఉంటే అది 1891 తరవాతిది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం అమలులోకి వచ్చింది అప్పుడే. వంతెన, విల్లో చెట్టు, రెండు పక్షులు ఉన్న నీలి పళ్ళెం చైనాది కాకపోవచ్చు. ఆ నమూనా ఇంగ్లండు కుమ్మరుల కల్పన.

అదృష్టం తలుపు తట్టిన సందర్భాలు లేకపోలేదు. న్యూయార్కులో 3 డాలర్లకు కొన్న సుంగ్ కాలపు తెల్ల గిన్నె 2013లో వేలంలో 22 లక్షల డాలర్లకు పోయింది. కనెక్టికట్‌లో 35 డాలర్లకు కొన్న 15వ శతాబ్దపు తామరపూల గిన్నె 2021లో 7,21,800 డాలర్లు పలికింది. లాటరీ తగిలినవాడి పేరే పేపర్లో పడుతుందని చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. మరో సంగతి. ఇండియాలో అమ్మమ్మగారింట్లో పాత పింగాణీ గిన్నె దొరికిందని పెట్టెలో పెట్టుకు రాకండి. 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులను దేశం దాటించకూడదు.

చివరగా ఒక మాట. గబ్బిలం బొమ్మ అయిదు వందల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉంటుంది. కాని అది శుభమని తెలియడానికి ఫు అన్న ధ్వని చెవిన పడాలి. భాష రానివాడికి అది పాడు గబ్బిలమే, మా పెద్దమ్మకు కనబడినట్టే. టూసాన్ మట్టిలోని గిన్నెలకు అర్థం చెప్పగలిగింది ఆ భాష ఇంకా బతికి ఉండడం వల్ల, చదివినవారు అడిగి తెలుసుకోవడం వల్ల. మన ఇళ్ళలోనూ అలాంటి వస్తువులున్నాయి. చీర అంచు మీది మామిడిపిందెలు, రుద్రాక్షలు, చిలకలు, గుమ్మం మీది తోరణం, తాంబూలపు పళ్ళెం, రాచ్చిప్ప, జాడీ. వస్తువులు పిల్లలకు ఎలాగూ చేరతాయి. వాటి పేర్లు, అవి ఎందుకు అలా ఉన్నాయో చెప్పే మాటలు వాటంతట అవి చేరవు.

అందుచేత మాదొక సూచన. వచ్చే ఉగాది సభకు ఒక్కొక్క కుటుంబం ఇండియా నుంచి తెచ్చుకున్న వస్తువు ఒకటి తీసుకురండి. పక్కన ఒక కార్డు మీద దాని తెలుగు పేరు, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో, దేనికి వాడేవారో నాలుగు వాక్యాలు పిల్లల చేత తెలుగులో రాయించండి. పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చి ఉన్నవారు వారిని అడిగి రాయించండి. రానివారు ఆదివారం ఫోనులో అడగండి. బల్లలూ, తెల్లగుడ్డలూ మేము ఏర్పాటు చేస్తాము. మా గబ్బిలాల గిన్నె కూడా తెస్తాము, ఖాళీగానే.